పప్పులో లాడం

"పడదు" అనే మాట శివకుమారి మొదటిసారి ఎప్పుడు అన్నదో కమలాపురంలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. వాళ్ళమ్మ కృష్ణవేణమ్మ మాత్రం అన్నప్రాసన నాడే అని ఉంటుందని చెబుతుంది. పాయసం వేలికి అద్ది నాకిస్తే, ఆ పిల్ల ముందు వేలిని, ఆ తరువాత వచ్చిన చుట్టాలందరినీ అనుమానంగా చూసి, పాయసాన్ని నాలుకతో మర్యాదగా బయటికి తోసేసిందట. మాటలు వచ్చాక పని మరింత సులువైంది. వంకాయలో గింజలుంటాయి, పడదు. బెండకాయ జిగురు, పడదు. గుడ్డు వాసన, పాలు మీగడ, చిక్కుడుకాయ నార. ఆకుకూరలంటారా, అవి మేకల సొత్తు, మనం ముట్టుకోకూడదు. రాగి సంగటి విషయంలో ఏడేళ్ళ వయసులోనే వాదనకు దిగింది. సంగటిని నమలకూడదు, ముద్ద చేసి మింగాలని నాయనమ్మ చెప్పినందుకు, "నమిలే పని లేనిదాన్ని తిండి అని ఎట్ల అంటారవ్వా, మాత్ర అనాల గానీ" అన్నది.

ఆ మాటలో ఒక బలం ఉంది. "ఇష్టం లేదు" అంటే వీపు విమానం మోత మోగుతుంది. "పడదు" అంటే మాత్రం ఎవరూ ఎదురు చెప్పరు. అది ఒంటికి సంబంధించిన విషయం, రాసిపెట్టి పుట్టింది. పాపం పిల్లకు పడదట అని చుట్టాలే సర్దిచెబుతారు. అలా ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి శివకుమారికి పడేవి నాలుగే మిగిలాయి. తెల్లన్నం, గట్టి పెరుగు, ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేపుడు, బేకరీ బూందీ. అవి కూడా కంచంలో ఒకదానికొకటి తగలకూడదు.

ఈ పట్టింపు ఒక్క నోటికే కాదు, చేతికీ ఉండేది. జాకెట్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. చంక దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. చీర అంచుకు సరిపోయే దారం కోసం పట్నంలో నాలుగు దుకాణాలు తిరిగేది. దుకాణదారులు ఆమెను చూడగానే దారాల పెట్టెలన్నీ ముందరపెట్టి, టీ తాగి వస్తామని వెళ్ళిపోయేవారు.

అటువంటి మనిషిని కోడుమూరు పక్క పల్లెలో, పురుగుమందుల దుకాణంలో పనిచేసే వీరభద్రకు ఇచ్చి చేశారు. వీరభద్రకు పడనిదంటూ ఏదీ లేదు. పెళ్ళిలో తమలపాకు కింద పెట్టిన అరటాకు ముక్కను కూడా తినేశాడని పేరు. చిక్కల్లా అతని తల్లి గిడ్డమ్మతో వచ్చింది. గిడ్డమ్మ చేతి పుంటికూర పప్పుకు, అంటే గోంగూర పప్పుకు, నాలుగూళ్ళలో పేరుంది. ఎవరింట్లో పెళ్ళయినా, పులుపు సరిపోయిందో లేదో చూడడానికి ముందు ఆమెను పిలిచేవారు. ఆమె గరిటెతో చుక్క అరచేతిలో వేసుకొని నాకి, కళ్ళు మూసి, "ఊఁ" అంటే గానీ వడ్డన మొదలయ్యేది కాదు. అటువంటి మనిషి ఇంట్లోకి పెరుగన్నం తినే కోడలు వచ్చింది.

"ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోమ్మే."

"పడదత్తా."

"తినకుండానే పడదని ఎట్ల తెలుస్తాది?"

"తింటే తెలుస్తాదని తినడం లేదు."

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. కోపతాపాలు లేవు. కంచం ముందరికి రావడం, వెనక్కి పోవడం, అంతే.

శివకుమారి కడుపుతో ఉన్న అయిదో నెలలో, పొరుగూరి ఆసుపత్రిలో నర్సు నాగలత వేలు పొడిచి రక్తం చూసేదాకా ఈ వ్యవహారం ఇంటి గుట్టుగానే ఉంది. రోజంతా సూదితో బతికే శివకుమారి, సూది తన వేలి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎనిమిది పాయింట్ ఒకటి," అన్నది నాగలత. "ఏం తింటాండావమ్మా?"

"అన్నం."

"అన్నంలోకి?"

"పెరుగు."

"పెరుగులోకి?"

శివకుమారి కాస్త ఆలోచించింది. "అన్నం."

నాగలత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు, నీ ఒంట్లో ఇనుము లేదు. ఏడో నెల ఆఖరుకు పది దాటాల. దాటితే సంతోషంగా కమలాపురం పోయి కాన్పు చేసుకో. దాటకపోతే నిన్ను అంతదూరం పంపమని నేను చెప్పను. కర్నూలు పెద్దాసుపత్రికి రాసిస్తా, ఈడనే ఉండాల. రక్తం ఎక్కించాల్సి రావచ్చు."

తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. శివకుమారికి అది ఆనవాయితీ కంటే ఎక్కువ. ఉర్లగడ్డ వేపుడు అడగకుండానే కంచంలోకి వచ్చే ఇల్లు లోకంలో అదొక్కటే. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ మూడు నెలల కోసమే ఎదురుచూస్తోంది. ఇప్పుడు ఆ ఇంటికీ తనకూ మధ్య పది అనే అంకె వచ్చి కూర్చుంది.

నాగలత చెప్పుకుంటూ పోయింది. మునగాకు, పుంటికూర, సంగటి, గుడ్డు, బెల్లంతో చెనిక్కాయలు, అంటే వేరుశనగలు. మాత్రలు నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాల, తిన్న వెంటనే టీ తాగకూడదు. చివరికి గిడ్డమ్మ వైపు తిరిగి, "వీలయితే పప్పు ఇనుప మూకుట్లో చేయండి, కొంత ఇనుము దాంట్లోకి దిగుతాది" అన్నది.

గిడ్డమ్మకు ఆ చివరి మాట ఒక్కటే మనసులో నాటుకుంది. కాకపోతే ఆమె ఇనుప మూకుడు ఎనిమిదేళ్ళ కిందటే పాత సామాన్ల బండికెక్కి, నీలం రంగు ప్లాస్టిక్ బిందెగా మారి ఇంటికి తిరిగొచ్చింది. ఆమె రెండు రోజులు ఆలోచించింది.

మూడోనాడు శివకుమారి నీళ్ళకని వంటింట్లోకి పోతే, పప్పు గిన్నెలోంచి ఒక దారం బయటికి వేలాడుతూ కనిపించింది. లేత పిస్తా రంగు దారం. ఒక పట్టుజాకెట్టు కోసం కర్నూలు నాలుగు దుకాణాల్లో వెతికి తెచ్చుకున్న దారం అది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఆ రంగు లేదు. లాగింది. పప్పు కారుస్తూ అరచందమామ లాంటి ఇనుప ముక్క ఒకటి పైకొచ్చింది. ఎద్దు కాలికి కొట్టే లాడం.

"అత్తా, ఇదేంది?"

"కొత్తదేలేమ్మే," అన్నది గిడ్డమ్మ నిదానంగా. "పక్కింటి దాదా ఖలందర్‌ను అడిగి తెచ్చినా. చింతపండుతో మూడుసార్లు తోమి, ఉడకబెట్టినా. ఏ ఎద్దూ తొక్కలేదు. తీసేటందుకు దారం కట్టినా."

పక్కింటి దాదా ఖలందర్ ఎద్దులకు లాడాలు కొడతాడు. ట్రాక్టర్లు వచ్చాక పని తగ్గింది గానీ, బండలాగుడు పోటీల ఎద్దులు ఇప్పటికీ అతని దగ్గరికే వస్తాయి.

అప్పుడే ఇంట్లోకి వచ్చిన వీరభద్ర లాడాన్నీ, భార్య మొహాన్నీ, తల్లి మొహాన్నీ చూశాడు. "పప్పులో కాలేసేవాళ్ళను చూసినా గానీ, లాడం వేసేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా," అని, ఆ పప్పు తానే కలుపుకొని రెండుసార్లు పెట్టించుకున్నాడు.

శివకుమారి మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో పప్పు గిన్నె మూత తీసిన చోటికే పోలేదు. లాడం ఇక ఉండదని గిడ్డమ్మ ఒట్టు పెట్టినా నమ్మలేదు. "పడదు" అనే మాటకు ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది.

మాత్రల కథ ఇంకోరకం. అవి మింగితే నోట్లో తుప్పు పట్టిన గొళ్ళెం చప్పరించినట్టు ఉంటుందని, రోజూ ఒకటి పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పాతిపెట్టేది. పన్నెండు రోజుల తరువాత తిరగమోతకని పోయిన గిడ్డమ్మ చెట్టు మొదట్లో ఎర్రగా కరుగుతున్నవి చూసి, అక్కడి నుంచే పిలిచింది.

"శివమ్మా, ఈ కరివేపాకు చెట్టుకు ఎన్నో నెల?"

దాంతో మాత్రల సంగతి తేలిపోయింది. రోజూ పది గంటలకు గిడ్డమ్మ ఒక చేత్తో నిమ్మకాయ నీళ్ళు, ఇంకో చేత్తో మాత్ర పట్టుకొని, నాలుక కింద కూడా చూసిగాని కదిలేది కాదు. తిండి విషయంలో మాత్రం ఆమె చేతులెత్తేసింది. నాలుక కింద చూడగలదు, కానీ గొంతులోకి తోయలేదు కదా.

ఆ వారమే చాంద్ బేగం గోడ దగ్గరికి వచ్చింది. దాదా ఖలందర్ భార్య ఆమె. రెండిళ్ళ మధ్య నడుం ఎత్తు గోడ. గిడ్డమ్మా ఆమే ముప్పై ఏళ్ళుగా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఆ రోజు గిడ్డమ్మ గిన్నెలు తోముతోంది, శివకుమారి అరుగు మీద గుండీలు కుడుతోంది.

"శివమ్మా, ఇది ఒక్క ముద్ద తిని చెప్పు, ఉప్పు సరిపోయిందా అని. మా ఆయనకు ఉప్పూ కారం తేడా తెలవదు," అని చాంద్ బేగం మూత ఉన్న చిన్న డబ్బా చాపింది.

అత్తకు "పడదు" అని చెప్పడం వేరు, పొరుగామెకు చెప్పడం వేరు. ఆమె గోడ మీద మోచేతులు ఆనించి, నోట్లోకే చూస్తూ నిలబడింది. కదిలేటట్టు లేదు. శివకుమారి కళ్ళు మూసుకొని ఒక ముద్ద పెట్టుకుంది. తరువాత ఇంకొకటి. డబ్బా అడుగు కనిపించేదాకా తలెత్తలేదు.

"ఇదేం పప్పు చాందమ్మా?"

"పుంటికూర."

"మా ఇంట్లో పుంటికూర ఇట్లుండదు."

గిన్నె తోముతున్న గిడ్డమ్మ చేయి ఆగిపోయింది. ముందురోజు తాను అదే కూర చేసి ముందర పెడితే, మూత కూడా తీయకుండా వెనక్కి నెట్టింది ఈ పిల్లే. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు, అనుకుంది. ఆ సామెత ఆమె వెయ్యిసార్లు అన్నదే గానీ, దానితో పని జరిపించుకోవచ్చని అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు చాంద్ బేగానికి నడుము పట్టింది.

"పాపం వంగలేకపోతాంది. పొద్దున పూట పోయి కాస్త చేసిపెట్టొస్తా," అని గిడ్డమ్మ కొంగు దోపుకొని వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. రోజూ పొద్దున వెళ్ళడం, పది గంటలకు నిమ్మకాయ నీళ్ళ వేళకు తిరిగి రావడం. మధ్యాహ్నం కాగానే చాంద్ బేగం నడుము పట్టుకొని గోడ దగ్గరికి వచ్చి డబ్బా అందించేది. సోమవారం ఎడమవైపు పట్టుకునేది, మంగళవారం కుడివైపు. ఒకరోజు వీధిలో తోటకూరమ్మే బండి వెళ్ళిపోతుంటే పరిగెత్తి పోయి ఆపి, గోడ అవతల శివకుమారి కనిపించగానే "అబ్బా" అని వంగిపోయింది. నొప్పులు అట్లనే వచ్చిపోతుంటాయేమో అనుకుంది శివకుమారి. ఆమె ధ్యాసంతా డబ్బా మీదే.

ఆ డబ్బాలో ఏం వచ్చేవో ఆమె అమ్మకు ఫోన్లో చెబితే నమ్మలేదు. మునగాకు వేసిన పెసరపప్పు. ఒకరోజు గుడ్డు, వాసన తెలియకుండా మిరియాలతో. ఇంకోరోజు చిన్న చిన్న ముద్దలుగా రాగి సంగటి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. మింగాలా నమలాలా అని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె నమిలే తిన్నది. పైగా చాంద్ బేగానికి ఎట్లా తెలిసిందో ఏమో, ఏదీ ఇంకోదానికి తగలకుండా మధ్యలో అరటాకు ముక్క అడ్డం పెట్టి వచ్చేది.

"చాందమ్మ చేతిలో ఏముందో గానీ అత్తా," అన్నది ఒకరోజు డబ్బా తుడుచుకొని తింటూ. "నువ్వు రోజూ ఆడికి పోతాండావు గదా, చూసి నేర్చుకోకూడదా?"

గిడ్డమ్మ ముఖం కడుక్కునే నెపంతో తొట్టి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు కడుక్కుంది.

"నేర్చుకుంటాండాలేమ్మే," అన్నది తిరిగొచ్చి.

"తాలింపు ఎట్ల పెడతాదో కనుక్కో."

"కనుక్కుంటా."

అలా ఆరు వారాలు గడిచాయి. ఏడో నెల రక్తపరీక్షకు ఇంకా మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం శివకుమారి డబ్బాలో చెంచా పెడితే టంగుమన్నది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ టంగుమన్నది. పప్పు పక్కకు జరిపి చూస్తే అరచందమామ. ఇది లాడాలు కొట్టేవాళ్ళ ఇల్లు, పొరపాటున పడిందేమో అని ఒక్క క్షణం అనుకుంది. అంతలో చెంచాకు దారం చుట్టుకుంది. పప్పు తుడిచి వెలుతురులో పట్టి చూసింది. లేత పిస్తా రంగు.

శివకుమారికి ముందు కోపం వచ్చింది. ఆరు వారాలు తనను చిన్నపిల్లను చేసి ఆడించారు. తరువాత ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మారిన చాంద్ బేగం నడుము నొప్పి గుర్తొచ్చింది. అరటాకు ముక్కలు గుర్తొచ్చాయి. తన కంచంలో ఏది దేనికి తగలకూడదో లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకామె కమలాపురంలో ఉంది. "చూసి నేర్చుకోకూడదా" అన్న మాట గుర్తొచ్చేసరికి మాత్రం చెవులు వేడెక్కాయి. నాలుగూళ్ళ పెళ్ళి పప్పుకు ఊఁ కొట్టే మనిషి, తొట్టి దగ్గర అంతసేపు ముఖం కడుక్కున్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

వెంటనే పోయి అడిగేయాలని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. తన నోరు తనకు తెలుసు. ఇది అత్త పప్పు అని బయటికి ఒప్పుకున్న మరుక్షణం, ఆ నోరు "పడదు" అంటుంది. మూడు వారాలుంది. పది దాటాలి.

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. లాడాన్ని మర్యాదగా ఒక పక్కకు పెట్టి, రెండు చెంచాలు మిగిల్చి పప్పంతా తిన్నది. లాడాన్ని మళ్ళీ డబ్బా అడుగున పెట్టి, అసలు చూడనట్టే ఉండేలా మిగిల్చిన పప్పు పైన కప్పి, మూత వేసి గోడ మీద పెట్టింది.

ఆ సాయంత్రం గోడ అవతల ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసగా పోట్లాడుకోవడం వినిపించింది. "నువ్వు తీయలేదా?" "నువ్వు తీస్తివనుకున్నా గదా." "చూసిందంటావా?" "చూస్తే తింటాదా వదినా, పప్పు కింద ఉండాదిలే." శివకుమారి మిషను గబగబా తొక్కింది, నవ్వు వినపడకుండా.

తరువాతి మూడు వారాలు ఆమె చేయాల్సినంతా చేసింది. "ఈరోజు చాందమ్మ ఉప్పు ఒక పలుకు తగ్గించిందత్తా" అనేది గాల్లోకి చూస్తూ. మర్నాడు ఉప్పు సరిపోయేది. "చాందమ్మ మునగాకు ముదురుది వేసినట్టుండాది" అంటే లేతాకు వచ్చేది. ఒకరోజు "ఈ పులుపు కుదర్చడం మాత్రం ఇంకెవరి వల్లా కాదు" అని ఊరుకుంది. గిడ్డమ్మ ఆ రోజంతా ఏ పనీ లేకుండా ఇల్లంతా తిరిగింది, పొయ్యి మీద పాలు పొంగినా ఏమీ అనలేదు.

పరీక్ష రోజున నాగలత యంత్రంలో అంకె చూసి, నమ్మకం లేక ఇంకో వేలు పొడిచింది. శివకుమారి ఈసారి కళ్ళు మూసుకోలేదు. అంకె మీదే చూపు నిలిపింది.

"పది పాయింట్ మూడు. మాత్రలు మానొద్దు. పోయిరా కమలాపురానికి," అన్నది నాగలత. "ఏం తిన్నావమ్మా ఇంతకీ?"

"పొరుగింటి పుల్లకూర."

గిడ్డమ్మ గోడ మీది టీకాల పట్టికను చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు.

తరువాతి శుక్రవారం శ్రీమంతం చేశారు. శివకుమారిని పీట మీద కూర్చోబెట్టి, గాజులు తొడిగి, ఒడిలో బియ్యం, కొబ్బరి గిన్నెలు, పసుపుకొమ్ములు, రవిక గుడ్డ పెట్టారు. చాంద్ బేగం ఖర్జూరాలు తెచ్చింది, ఏ వైపూ పట్టుకోకుండా నిటారుగా నడిచి.

"అంతా అయినట్టే గదా?" అన్నది గిడ్డమ్మ.

"ఒకటి మరిచిపోయినావత్తా," అన్నది శివకుమారి. "పిస్తా దారం కట్టినది."

గిడ్డమ్మ చేతిలోని కుంకుమ భరిణె మూత కింద పడి దొర్లింది. చాంద్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడు తెల్సిందిమే?"

"నెల కావస్తాంది."

"తెల్సీ తిన్నావా?"

"నాకు తెల్సు గానీ, నా నోటికి చెప్పలేదత్తా."

ముందుగా నవ్వింది చాంద్ బేగమే. గిడ్డమ్మ నవ్వలేదు. ఆమె గోడ దాటిపోయి లాడం తెచ్చి, పసుపు నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, కోడలి ఒడిలో బియ్యం మీద పెట్టింది. దగ్గరికి వంగినప్పుడు మెల్లగా అడిగింది.

"ఆ పులుపు ఎవరి వల్లా కాదన్నావే, అప్పుడు తెల్సే అన్నావా, తెలవకనా?"

"తెల్సే."

"ఊఁ," అన్నది గిడ్డమ్మ, కళ్ళు మూసి.

కమలాపురంలో దిగిన మధ్యాహ్నం కృష్ణవేణమ్మ తెల్లన్నం, గట్టి పెరుగు, ఎర్రగా వేయించిన ఉర్లగడ్డ, ఒకదానికొకటి తగలకుండా వడ్డించి, కూతురు ముఖంలోకి చూస్తూ కూర్చుంది. శివకుమారి రెండు ముద్దలు తిన్నది. మూడోది చేతిలో పట్టుకొని ఆగింది.

"ఏంమే, బాగలేదా?"

"బాగుండాదమ్మా. ఉత్త తెల్లగుండాది." చేయి కడుక్కొని లేచి, సంచిలోంచి పిస్తా దారం వేలాడుతున్న ఇనుప ముక్క తీసి తల్లి చేతిలో పెట్టింది. "మన పక్కింట్లో ఇప్పుడు ఎవరుండారు?"

"ఈరక్క. యాల అడుగుతాండావు? ఎద్దు లాడం నాకెందుకుమే?"

"రేపట్నుంచి ఇది పుంటికూర పప్పులో వేసి ఉడికించు. ఉడికినంక తీసేయి, మరిచిపోవద్దు." శివకుమారి కిటికీలోంచి పక్కింటి గోడ ఎత్తు చూసి, సరిపోతుందన్నట్టు తల ఊపింది. "నువ్వే చెయ్యమ్మా. కానీ ఈరక్కను గోడ మీంచి ఇయ్యమను."